బొట్టు పెట్టిన కాగితం

పోయిన నెల మా ఇంటికి పెళ్ళిపత్రికంత మందం కార్డు ఒకటి వచ్చింది. జగిత్యాలలో నేనుండే సందు కొత్తవాళ్ళకు ఒక పట్టాన దొరకదు. కార్డు తెచ్చిన డ్రైవరు రెండుసార్లు దారి తప్పి, చెమటలు కార్చుకుంటూ వచ్చి, సిరిసిల్ల సేటు కొడుకు పంపించాడని చెప్పి చేతిలో పెట్టాడు. నేను చదువుకున్న బడి, సేటు కొడుకు తంగళ్ళపల్లి దిక్కు నడిపే బట్టలు కుట్టే కంపెనీ చెయ్యి కలిపి పిల్లలకు పౌర విద్య నేర్పబోతున్నాయట. పిల్లలు నెలకు రెండుసార్లు కంపెనీకి పోతారు, కంపెనీవాళ్ళు బడికి వస్తారు, చట్టం, ఓటు, బాధ్యత అన్నీ కళ్ళారా చూసి నేర్చుకుంటారు. ప్రారంభానికి ముఖ్య అతిథిని నేను. ఎందుకో కూడా కింద అచ్చు వేయించారు: ఇదే బడిలో, ఇదే కుటుంబం చేతుల మీదుగా తొలి ఉత్తమ పౌరురాలు బహుమతి అందుకున్న రచయిత్రినట. ఆ లైను చదివి నేను నవ్విన నవ్వుకు వంటింట్లో పనిచేస్తున్న అమ్మాయి గరిటె పట్టుకొని బయటికి వచ్చింది. పాము పగ పన్నెండేళ్ళంటారు. నాది నాలుగు పాముల పగ. వస్తానని ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను.

ఒక మాట ముందే చెప్తాను. ఈ అధ్యాయంలో సేటు పేరు రాయను. భయపడి కాదు, ఆయనకు తన పేరంటే ఎంత ప్రేమో తెలిసి రాయడం లేదు. మా బడికి ఇచ్చిన ప్రతి బెంచీ మీదా ఆయన పేరు ఉండేది. నీళ్ళకుండ పెట్టే గద్దె మీద ఉండేది. గోడగడియారం అద్దం మీద ఎంత పెద్దగా రాయించాడంటే ఆరు గంటలకు చిన్నముల్లు ఆయన ఇంటిపేరు వెనక దాక్కునేది. భారతదేశం పటం ఇస్తే హిందూ మహాసముద్రం నిండా కూడా ఆయనే. అంత పేరుపిచ్చి ఉన్న మనిషికి నా చేతనైన శిక్ష ఇది. ఈ పుస్తకం ఆయన మనవలు కొని, వేలు పెట్టి వెతికినా ఆయన పేరు దొరకదు.

మా ఇల్లు సిరిసిల్లలో సాంచాల మధ్య ఉండేది. సాంచాలంటే మరమగ్గాలు. పొద్దున కరెంటు రాగానే మొదలయ్యే ఆ దడదడకు మేం ఎంత అలవాటు పడ్డామంటే, కరెంటు పోయి అన్నీ ఒక్కసారి ఆగితే చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవాళ్ళు. మా దగ్గర ఎవరూ మెల్లగా మాట్లాడరు. పెళ్ళిచూపుల్లో కూడా పొలంగట్టు మీద కేకలు వేసినట్టే మాట్లాడతారు. బాపు, అంటే మా నాన్న, సేటు కార్ఖానాలో పెద్ద పనివాడు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో నిలబడి ఆయన చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. నేనూ, అవ్వా, అంటే మా అమ్మా, ఆయనతో గొంతు లేకుండా ఉత్త పెదవులతో మాట్లాడేవాళ్ళం. పని నుంచి వస్తే ఆయన కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లటి దూది నూగు ఉండేది. అవ్వ ముందు దాన్ని కొంగుతో తుడిచి తర్వాత అన్నం పెట్టేది. అవ్వ రోజంతా అరుగు మీద రాట్నం పెట్టుకొని నూలు కండెలు చుట్టేది. గంజి వాసన, సాంచాల నూనె వాసన, పక్కన ఉడికే పప్పుచారు వాసన కలిసి మా ఇంటికొక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడన్నా కొత్త లంగాగుడ్డ వాసన తగిలితే నాకు ఆకలవుతుంది. బాపుకూ అవ్వకూ చదువు రాదు. కరెంటు బిల్లు, రేషను కార్డు, చుట్టాల ఉత్తరం, ఏ కాగితం వచ్చినా నా ముందు పెట్టేవాళ్ళు. మా వాడకట్టులో నాకు బడిపంతులమ్మ అని పేరు పడింది. ఆ పేరు నాకు బాగా నచ్చేది.

అవి అన్నల కాలం, నక్సలైట్లను మా దిక్కు అట్లాగే అనేవాళ్ళు. ఊళ్ళలో సంఘాలు లేచి, దొరలు గడీలకు తాళాలు వేసి పట్నం పోతున్నారు. వాళ్ళ వెనకే పోలీసు క్యాంపులు వచ్చాయి. ఎర్ర చొక్కా తొడుక్కొని జగిత్యాల బస్సెక్కిన వాణ్ణి దింపి, ఏ ఊరు, ఎవరి కొడుకువు అని అడిగేవాళ్ళు. సేటు కార్ఖానా గోడ మీద రెండుసార్లు ఆయన పేరు ఎర్ర అక్షరాల్లో కనబడింది. తన పేరు చూసి ఆయన సంతోషించనిది ఆ రెండుసార్లే అనుకుంటాను. సున్నం వేయించి చెరిపించాడు గానీ గుండెల్లో బుగులు చెరగలేదు. అప్పుడు ఆయనకు మా బడి గుర్తుకొచ్చింది. బడికి చేసినవాణ్ణి అన్నలు ముట్టుకోరు, పిల్లలకు క్రమశిక్షణ నేర్పేవాణ్ణి పోలీసులు మెచ్చుకుంటారు. హెడ్మాస్టరుకు బెంచీలు కావాలి, సేటుకు మంచిపేరు కావాలి. ఇద్దరూ కూర్చొని రెండు కప్పుల చాయ తాగేసరికి ఒప్పందం కుదిరింది. శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లలు కార్ఖానాకు పోయి పౌరనీతి నేర్చుకోవాలి. రిపబ్లిక్ డే నాడు ఉత్తమ పౌరుడికి సేటు బహుమతి ఇస్తాడు.

మాకు పౌరనీతి చెప్పేది రాజమల్లు సారు. ఆయనది కోరుట్ల. మా బడి వెనక ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాడు, ఆదివారం మాత్రం బస్సెక్కి ఇంటికి పోయేవాడు. సన్నగా, గట్టిగా ఇస్త్రీ చేసిన చొక్కాతో, మెడ ఒకపక్కకు వంచి వినే అలవాటు. పిల్లలు చెప్పేది కూడా అట్లాగే వినేవాడు, అందుకే ఆయనకు ఏదన్నా చెప్పాలని మాకు ఆత్రంగా ఉండేది. ఆయన మాకు మొదట నేర్పింది సంతకం. తొమ్మిదో తరగతి పిల్లలకు సంతకం ఎందుకని హెడ్మాస్టరు నవ్వితే, రేపు ఓటేసేటోళ్ళు గదా అన్నాడట. వారం రోజులు పలక మీద, మట్టిలో, మోచేతి మీద సంతకాలు రాసుకున్నాం. నాది అందరిలోకి అందంగా వచ్చింది, చివర ఒక తోక కూడా తిప్పేదాన్ని. సారు దాన్ని చూసి మెచ్చుకొని ఒకటే మాట అన్నాడు. "బిడ్డా, సంతకం మంచిగున్నది. గని సదువకుండ పెట్టకు. సదువకుండ సంతకం పెట్టుడంటే కండ్లు మూసుకొని రోడ్డు దాటుడే."

శనివారాలు జోడు వరసలో నడిచి కార్ఖానాకు పోయేవాళ్ళం. సేటు తన గదిలో ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని, మమ్మల్ని కింద కూర్చోబెట్టి, పౌరుడు ఏమేం చేయాలో చెప్పేవాడు. వేళకు రావాలి, పెద్దలకు ఎదురు చెప్పకూడదు, దేశం సొమ్ము పాడు చేయకూడదు, పుకార్లు నమ్మకూడదు. చెయ్యాల్సినవి చాలా ఉండేవి, అడగాల్సినవి ఒక్కటీ ఉండేది కాదు. చివర తలా రెండు బిస్కెట్లు పెట్టేవాడు. అబద్ధమెందుకు, ఆ బిస్కెట్ల కోసం నేను శనివారం దాకా రోజులు లెక్కపెట్టేదాన్ని. నాలుగైదు వారాలు ఇట్లా గడిచాక రాజమల్లు సారు, పిల్లలు కార్ఖానా గోడల మీద ఏమేం రాసి ఉందో చదివి రాసుకొస్తారండి, అది కూడా పాఠమే అన్నాడు. సేటు పెద్దగా నవ్వి, గోడలకేం పోయింది సదువుకోమనండి అన్నాడు. ఆ నవ్వినందుకు ఆయన తర్వాత ఎంత ఏడ్చి ఉంటాడో అని నాకు నేను చెప్పుకొని చాలా ఏళ్ళు సంతోషపడ్డాను.

సాంచాల హాలులో తూర్పుగోడకు మూడు పటాలు ఉండేవి. ఒకటి లక్ష్మీదేవి, ఒకటి మార్కండేయుడు, మూడోది అద్దాల చట్రంలో బిగించిన ఒక కాగితం. దసరా నాడు సాంచాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టడం మావాళ్ళ ఆచారం. లక్ష్మికి పెట్టి, మార్కండేయుడికి పెట్టి, వరసలో ఉంది కదా అని ఆ కాగితానికీ పసుపు పూసి బొట్టు పెట్టేవాళ్ళు. అది ఇంగ్లీషులో ఉంది, కింద సర్కారు ముద్ర ఉంది. అది కార్ఖానాకు కాపుదల కాగితమనీ, అది ఉన్నంతకాలం సాంచాలు ఆగవనీ అందరి నమ్మకం. సేటు కాదనలేదు. పెద్ద పనివాడు కాబట్టి ఏటా ఆ బొట్టు పెట్టేది మా బాపే. దసరా మీద దసరా వచ్చి, పసుపు మీద కుంకుమ, కుంకుమ మీద దూది నూగు, దాని మీద నూనె జిడ్డు పేరుకొని ఆ అద్దం ఎర్రటి పలక అయిపోయింది. లోపల అక్షరాలున్నాయన్న సంగతి కూడా కొత్తవాళ్ళకు తెలియదు.

నాకు వంతుగా వచ్చింది ఆ గోడ. స్టూలెక్కి, సాంచాలు తుడిచే నూలు ముద్ద తీసుకొని అద్దం రుద్దడం మొదలుపెట్టాను. బాపు తన సాంచ వదిలి ఉరికి వచ్చాడు. దేవుని బొట్టు తుడుస్తవా అని నా చెయ్యి పట్టుకున్నాడు. సారు ఆయన ముందుకు వచ్చి, తనూ పెదవులు మాత్రమే కదిలిస్తూ, దేవుడు కాదన్నా, కాగితం, పిల్ల చదువుతుంది అని చెప్పాడు. ఆయన ఆ భాష ఎప్పుడు నేర్చుకున్నాడో తెలియదు. బాపు చెయ్యి వదిలి, అద్దానికి ఒక దండం పెట్టి వెనక్కి పోయాడు. మూడు శనివారాలు పట్టింది నాకు అది ఎక్కించుకోవడానికి. సగం మాటలు అర్థం కాకపోయినా అక్షరానికి అక్షరం దించుకున్నాను. సారు నిఘంటువు ముందు పెట్టుకొని నాతోనే తెలుగు చేయించాడు. పనివాడు ఇన్ని గంటలకు మించి నిలబడకూడదు, మధ్యలో కూర్చోనివ్వాలి, తాగే నీళ్ళు పెట్టాలి, వారానికొక రోజు సెలవు ఇవ్వాలి, చిన్నపిల్లలను మిషను దగ్గరికి రానివ్వకూడదు. అన్నిటికన్నా చివర ఒక వాక్యం ఉంది. ఈ నియమాలు పనివాళ్ళకు తెలిసిన భాషలో రాసి, అందరికీ కనబడే చోట పెట్టాలట. ఆ వాక్యం తెలుగు చేశాక సారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మా బాపు తన బొటనవేలితో, భక్తితో, ఏటేటా తన సెలవు తానే కప్పెట్టుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

రిపబ్లిక్ డే సభకు సేటు అధ్యక్షుడు, స్టేషన్ ఎస్సై అతిథి. పిల్లల వెనక తల్లిదండ్రులు, వాళ్ళ వెనక గోడ పొడుగునా కార్ఖానా పనివాళ్ళు నిలబడ్డారు. నా వంతు రాగానే 'మా ఊరి కార్ఖానాలో నేను చదివినది' అని మొదలుపెట్టి మొత్తం చదివేశాను. చెవులు సరిగ్గా వినబడని మనుషులందరూ నా పెదవుల వైపే చూస్తున్నారని తెలుసు కాబట్టి ఒక్కో మాట విడదీసి పలికాను. చదవడం అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఒక ముసలి సాంచాలాయన మా బాపును, మా అందరికీ అలవాటైన ఆ పెద్ద గొంతుతో అడిగాడు. "ఏందయ్యా, గీ పోరి సదివింది మనం బొట్టు పెట్టే కాగితమేనా?" బాపు తల ఊపాడు. సేటు నవ్వు చెదరలేదు. కడుపులో కత్తులు పెట్టుకొని నోట్లో బెల్లం పెట్టుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఉత్తమ పౌరురాలు అని రాసిన పత్రం నా చేతికి తనే ఇచ్చి తల మీద చెయ్యి పెట్టాడు. అందులో నా పేరు కంటే ఆయన పేరు రెండింతలు పెద్దగా ఉంది.

రెండు రోజులకు పనివాళ్ళు నీళ్ళడిగారు, సెలవడిగారు. ఒక పూట సాంచాలు ఆపి బయట కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం మా వాడకట్టంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అవ్వ రాట్నం ఆపి వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఆ వారం దాటకముందే జీపు వచ్చి బడి ముందు ఆగింది. రాజమల్లు సారు మాకు గ్రామ పంచాయతీ పాఠం చెప్తున్నాడు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకొని, మిగతాది రేపు అని చెప్పి పోయాడు. ఆ మిగతా పాఠం మాకెవరూ చెప్పలేదు. ఆయన అన్నల మనిషి అనీ, పిల్ల చదివిన కాగితం అడవిలోంచి వచ్చిందనీ ఊళ్ళో మాట పుట్టించారు. ఎవరు పుట్టించారో పుట్టించినవాడికీ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత సేటు బాపును, నన్ను తన గదికి పిలిపించాడు. పక్కన మఫ్టీలో ఒక పోలీసు కూర్చున్నాడు. హాలులోంచి పోతుంటే తూర్పుగోడ వైపు చూశాను. లక్ష్మి ఉంది, మార్కండేయుడు ఉన్నాడు, మూడో పటం ఉన్న చోట కొత్త క్యాలెండరు వేలాడుతోంది. సేటు చాలా మెత్తగా మాట్లాడాడు. పిల్ల చిన్నది, దానికేం తెలుసు, సారు నేర్పిన మాటలు చెప్పింది, ఒక సంతకం పెడితే పిల్ల దాని బడికి అది పోతుంది, బాపు సాంచకు బాపు పోతాడు అన్నాడు. పెట్టకపోతే ఏమవుతుందో పక్కనున్న మనిషి చెప్పనక్కరలేకుండా చూశాడు. ఒక కాగితం నా ముందుకు జరిపారు. నేను సంతకం పెట్టాను, తోకతో సహా. లేచి వస్తుంటే సేటు నా చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టాడు. దాన్ని కాలవలో పారేశానని చెప్తే మీకు బాగుంటుంది. పారేయలేదు, ఇంటికి తెచ్చి తమ్ముడితో కలిసి తిన్నాను. ఆ రుచికి నేనింకా ఆయన్ను క్షమించలేదు.

సారును జగిత్యాల జైలులో పెట్టారని, నౌకరీ పోయిందని తర్వాత తెలిసింది. నా సంతకం ఉన్న కాగితమే ఆయన ఫైలులో మొదటి కాగితమట. నేను డిగ్రీకి జగిత్యాల వచ్చాక ఒక ఆదివారం ధైర్యం చేసి కోరుట్ల బస్సెక్కాను. గల్ఫుకు పోయినవాళ్ళ పిల్లలకు ట్యూషన్లు చెప్తూ ఒక రేకుల ఇంట్లో ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు వంగడం లేదు. ఎడమచేత్తో బోర్డు మీద రాస్తున్నాడు, ఆ రాత చిన్నపిల్లల రాతలాగే ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, కూర్చోమని, భార్యతో చాయ పెట్టించాడు. నా చదువు గురించి, బాపు చెవుల గురించి అడిగాడు. నేను ఏడుపు ఆపుకోలేక కాగితం సంగతి ఎత్తాను. ఆయన మెడ ఒకపక్కకు వంచి విన్నాడు.

"ఒక్కటి జెప్పు బిడ్డా. సంతకం పెట్టేముందు సదివినవా?"

"లేదు సారూ."

"నేను గదే అనుకున్న," అన్నాడు. ఆయన ముఖం తేటపడింది. "సదివితే నువ్వు పెట్టకపోదువు. గిప్పటికెల్లి ఏది పెట్టినా సదివి పెట్టు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా ఆ మాట నమ్ముకొనే బతికాడో, లేదో నాకు తెలియదు. నేను మాత్రం సేటు మీద పగ మీద బతికాను. ఆ పగ నన్ను చదివించింది, లెక్చరర్ని చేసింది, పొద్దున్నే లేపి రాయించింది. నా కథల్లో ఎన్ని రూపాల్లో ఆ మనిషిని చంపానో నాకే గుర్తులేదు. ఒక కథలో కుక్క కరిచి పోతాడు, ఆ కథ రాసిన రోజు నేను పాయసం వండుకున్నాను.

ఇక మొన్నటి సభ. బడి మారిపోయింది, పైన అంతస్తు లేచింది, పేరున్న బెంచీలు ఒక్కటి కూడా లేవు. ముందు వరసలో మెత్తటి కుర్చీలో సేటు కూర్చొని ఉన్నాడు. తొంభైకి దగ్గర పడ్డాడు, ఒళ్ళు ఎండి చిక్కిపోయినా కళ్ళు మాత్రం అప్పటివే. కొడుకు మర్యాదస్తుడు, చదువుకున్నవాడు, ప్రతి మాటకూ మేడం అంటాడు. ఉపన్యాసాలయ్యాక బడికీ కంపెనీకీ ఒప్పంద పత్రం తెచ్చి హెడ్మిస్ట్రెస్ ముందు పెట్టారు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమని కలం ఇచ్చారు. పత్రం ఇంగ్లీషులో ఉంది. నేను దాన్ని పట్టుకొని మైకు దగ్గరికి పోయి, పౌర విద్య కదా, మొదటి పాఠం ఇదే చేద్దాం అని మొదటి పేజీ నుంచి తెలుగు చేసి చదవడం మొదలుపెట్టాను.

ఆరు పేజీలు. తొందరపడలేదు. సేటు ముఖం మీదికి ఎండ జరిగి వచ్చింది, కొడుకు గడియారం చూసుకున్నాడు, నేను మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగో పేజీలో నాకు కావలసింది దొరికింది. కంపెనీలో చూసిన విషయాల గురించి పిల్లలు గానీ బడి గానీ కంపెనీ అనుమతి లేకుండా బయట రాయకూడదు, మాట్లాడకూడదు. దాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడింది. "మేడం, సూసింది చెప్పొద్దంటే మేం ఆడికి పోయి ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది. కంపెనీలో కుట్టుపని చేసే తల్లులు వెనక కూర్చున్నారు, వాళ్ళలో ఎవరో నవ్వారు, ఆ నవ్వు ముందు వరస దాకా వచ్చింది. కొడుకు తేలు కుట్టిన దొంగలాగ కూర్చున్నాడు. హెడ్మిస్ట్రెస్ కలం మూత పెట్టేసి, తెలుగులో రాసి తెండి, పిల్లలు చదివాక పెడతాను అంది. నేనూ సంతకం పెట్టలేదు. దిగి వస్తుంటే నా ఒళ్ళు దూదిలా తేలిపోయింది. ఇన్నేళ్ళ ఆకలికి కడుపు నిండా తిన్నట్టుంది, ఆ తృప్తి దాచుకోను.

ఆ ఊపులోనే సేటు ముందుకు పోయి నిలబడ్డాను. కళ్ళలోకి చూడాలనుంది, ఓడిపోయినవాడి ముఖం ఎట్లా ఉంటుందో చూడాలనుంది. ఆయన నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. వంగాను. గొంతు సన్నబడింది గానీ తడబడలేదు.

"మంచిగ సదివినవ్ బిడ్డా. గప్పుడు గూడ సదివే పెట్టినవ్ గద. నేను నీ కండ్లనే జూస్తున్న. నాలుగు లైన్లు సదివి, మీ బాపుకు ఏం లేదని పెదవులతోని జెప్పి, పెట్టినవ్."

అని నవ్వాడు, అదే నవ్వు.

నిజం. ఆ కాగితం తెలుగులోనే ఉంది. నేను చెప్పినట్టుగా వాళ్ళు రాసిన నాలుగు వాక్యాలు: నేను చదివిన కాగితం రాజమల్లు సారు బయటి నుంచి తెచ్చి ఇచ్చాడు. కార్ఖానా గోడ మీద అటువంటి కాగితం ఎన్నడూ లేదు. ఆయనే నాతో చదివించాడు. పనివాళ్ళను పని ఆపమని చెప్పమన్నాడు. ఇంతే అందులో ఉంది. బాపు నా వైపు చూసి, ఏం రాసిండ్రు అని పెదవులతో అడిగాడు. ఏం లేదు బాపూ, ఊకెనే, అని పెదవులతో చెప్పాను. మా వాడకట్టు బడిపంతులమ్మను నేను, చదవకుండా ఎట్లా ఉంటాను? బాపు సాంచ పోతుందని, ఆ పక్కనున్న మనిషికి భయపడి, చదివి, అర్థం చేసుకొని పెట్టాను. కోరుట్లలో ఆయన ఎదురుగా కూర్చొని, ఆ వంగని వేళ్ళు చూస్తూ, లేదు సారూ అన్నాను.

ఈ సంగతి తెలిసినవాడు లోకంలో సేటు ఒక్కడే. దాన్ని ఇన్నేళ్ళూ నా మీద కత్తిలాగ దాచుకున్నాడు, అందుకే కొడుకు చేత నన్ను ధైర్యంగా పిలిపించాడు, ఆ కార్డు మీద ఆ లైను అచ్చు వేయించాడు. అది నోరెత్తదులే అనుకున్నాడు. సరే, ఇప్పుడు మీ అందరికీ తెలిసింది. ఆయన దగ్గర మిగిలిన ఆ ఒక్క కత్తి కూడా గుంజుకున్నాను. నా చెయ్యి తెగితే తెగింది, ఆయన చేతులు మాత్రం ఖాళీ అయినాయి.

మా సారు పేరు రాజమల్లు. ఊరు కోరుట్ల. తండ్రి పేరు నర్సయ్య, తల్లి లచ్చవ్వ. ఏ అడవి నుంచీ ఏ కాగితం తేలేదు. కాగితం గోడ మీదే ఉంది, మా బాపు బొట్ల కింద. దాన్ని తుడిచిన చెయ్యి నాది, ఆయనది కాదు.

సారూ, చదివిన. చదివే పెట్టిన. ఇది కూడా రెండుసార్లు చదివి, కింద సంతకం పెడుతున్నాను.

సులోచన